డ్రైవింగ్ లైసెన్సా, డ్రైవర్స్ లైసెన్సా? ఏ దేశంలో ఏది రాయాలి

తెలుగులో ఈ గొడవే లేదు. "లైసెన్స్ ఉందా?" అని ఎవరైనా అడిగితే బండి లైసెన్స్ గురించే అని అడిగినవాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. అదే ఇంగ్లీష్‌లో రాయాల్సి వచ్చేసరికి, రెజ్యూమేలోనో ఇన్సూరెన్స్ ఫారంలోనో విదేశంలో కారు అద్దెకు తీసుకునేటప్పుడో, చేయి ఆగిపోతుంది. డ్రైవింగ్ లైసెన్సా, డ్రైవర్స్ లైసెన్సా, ఉత్త డ్రైవర్ లైసెన్సా? చివర సి పెట్టాలా, ఎస్ పెట్టాలా? అపాస్ట్రఫీ ఉండాలా, అక్కర్లేదా? పర్మిట్ అన్నా అదేనా? నెట్‌లో వెతికితే ఒకరు ఇది కరెక్ట్ అంటారు, ఇంకొకరు అదే తప్పంటారు. ఇద్దరూ వాళ్ల దేశం లెక్కన నిజమే చెప్తుంటారు, కాకపోతే ఏ దేశం లెక్కో చెప్పరు.

నా సలహా ముందే చెప్పేస్తాను. కార్డు ఏ ఆఫీసు ఇచ్చిందో, ఆ ఆఫీసు కార్డు మీద ఏ మాట అచ్చు వేసిందో, అదే మాట అదే స్పెల్లింగ్‌తో వాడండి. మామూలుగా మాట్లాడేటప్పుడు మాత్రం మీరున్న ఊళ్లో జనం ఏమంటున్నారో అది అనండి. సి, ఎస్ తేడా వల్ల ఎవరి దరఖాస్తూ ఆగిపోదు, దాని గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. జాగ్రత్త పడాల్సింది వేరే మాటల దగ్గర. పర్మిట్, ప్రొవిజనల్, ఎండార్స్‌మెంట్, ఈ మూడూ దేశం మారితే అర్థం మారిపోయే మాటలు, ఇంటర్నేషనల్ లైసెన్స్ అనేదైతే అసలు లేని పత్రం పేరు. వీటి దగ్గర పొరపాటు జరిగితే పదేళ్లుగా కారు నడుపుతున్న మనిషి కాగితం మీద నిన్న నేర్చుకోవడం మొదలుపెట్టినవాడిలా కనిపిస్తాడు.

ముందు మన ఇంటి సంగతి

ఇండియాలో అనుమానమే అక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్స్ అనే రాయాలి, చివర సి-ఈ. 1988 మోటారు వాహనాల చట్టంలో ఉన్న మాట అదే. లైసెన్స్ లేకుండా బండి నడపకూడదని చెప్పే మూడో సెక్షన్‌లోనూ అదే, కార్డు మీద "ఇండియన్ యూనియన్ డ్రైవింగ్ లైసెన్స్" అని ఉండేదీ అదే. కాబట్టి హైదరాబాద్‌లో ఉద్యోగానికి, విజయవాడలో బ్యాంకు పనికి, ఇక్కడ ఏ కాగితం మీదైనా డ్రైవర్స్ లైసెన్స్ అని రాయాల్సిన అవసరం లేదు. అమెరికా సిరీస్‌లు చూసి చాలామంది పిల్లలకు డ్రైవర్స్ లైసెన్స్ అనేదే నోట్లో తిరుగుతోంది, మాట్లాడితే ఎవరూ ఏమీ అనుకోరు గానీ రాసేటప్పుడు మన చట్టం మాటే రాయడం మంచిది.

ఇదే చట్టంలో నేర్చుకునేవాళ్లకు ఇచ్చేదాన్ని లెర్నర్స్ లైసెన్స్ అంటారు, అక్కడ అపాస్ట్రఫీ ఉంటుంది, ఎందుకంటే అది నేర్చుకునే మనిషిది. డ్రైవింగ్ అనేది మనిషి కాదు, పని, అందుకే అక్కడ అపాస్ట్రఫీ ప్రసక్తే రాదు. ఈ చిన్న లాజిక్ పట్టుకుంటే మిగతా దేశాల మాటలు కూడా సులువుగా గుర్తుంటాయి.

మనం రోజూ అనే ఎల్ఎల్ఆర్, పర్మనెంట్ లైసెన్స్ అనేవి మాత్రం ఇక్కడి వాడుక మాటలు. ఇక్కడ స్లాట్ బుక్ చేసుకునేవాళ్లకు, డ్రైవింగ్ స్కూల్ వాళ్లకు అవి బాగా అర్థమవుతాయి, ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత పర్మనెంట్‌కి వెళ్లొచ్చు, ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, ఇదంతా ఆ భాషలోనే నడుస్తుంది. కానీ బయటి దేశంలో పర్మనెంట్ లైసెన్స్ అంటే జీవితాంతం చెల్లేదేమో అనుకుంటారు, ఎల్ఎల్ఆర్ అంటే అసలు ఏమిటో తెలియదు. బయట రాసేటప్పుడు పర్మనెంట్ బదులు ఫుల్ లైసెన్స్ అనండి. బ్రిటన్, ఐర్లాండ్, న్యూజిలాండ్‌లలో టెస్ట్ పూర్తిగా పాసైనవాళ్ల దాన్ని అలాగే అంటారు, ఆస్ట్రేలియాలో, కెనడాలో కూడా అర్థమవుతుంది. ఆర్టీవో, ఆర్టీఏ అన్నా అంతే, అక్కడివాళ్లకు తెలియదు. ఇండియాలో లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ ఆఫీసు అని ఒక ముక్క వివరంగా రాస్తే సరిపోతుంది.

సి ఎక్కడ, ఎస్ ఎక్కడ

బ్రిటిష్ పద్ధతిలో, మనది కూడా అదే కాబట్టి మన పద్ధతిలోనూ, వస్తువు పేరైతే చివర సి, పని అయితే ఎస్. చేతిలో ఉన్న కార్డుకి సి. ఒకరికి అనుమతి ఇవ్వడం అనే క్రియకు ఎస్. దీన్ని గుర్తుపెట్టుకోవడానికి అడ్వైస్, అడ్వైజ్ జంట పనికొస్తుంది. సలహా అనే నామవాచకం అడ్వైస్, అక్కడ సి, సలహా ఇవ్వడం అడ్వైజ్, అక్కడ ఎస్. ఆ జంటలో తేడా చెవికి వినిపిస్తుంది, లైసెన్స్‌లో వినిపించదు, అందుకే ఇక్కడే అందరూ తడబడతారు.

క్రియ నుంచి పుట్టిన మాటలన్నిటికీ ఎస్సే వస్తుంది. లైసెన్స్‌డ్ డ్రైవర్‌లో ఎస్, లైసెన్సింగ్ అథారిటీలో ఎస్. మన చట్టంలోనే డ్రైవింగ్ లైసెన్స్‌కి సి, లైసెన్సింగ్ అథారిటీకి ఎస్ పక్కపక్కన కనిపిస్తాయి, చూసినవాళ్లు ఒకటి అచ్చుతప్పు అనుకుంటారు గానీ రెండూ సరైనవే. లైసెన్సింగ్‌ని సి పెట్టి రాయడం మాత్రం ఏ పద్ధతిలోనూ సరి కాదు.

అమెరికాలో ఈ తలనొప్పి లేదు. నామవాచకమైనా క్రియ అయినా ఎస్సే. నాకు అమెరికా పద్ధతే ఈ విషయంలో సుఖంగా అనిపిస్తుంది, కానీ ఇండియాలో ఉండి ఇక్కడి ప్రభుత్వ కాగితం నింపుతున్నప్పుడు మన సుఖం చూసుకుంటే కుదరదు. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో భాష సెట్టింగ్ ఏముందో ఒకసారి చూసుకోండి, ఇంగ్లీష్ ఇండియా అనో ఇంగ్లీష్ యూకే అనో పెట్టుకుంటే సి ఉన్న మాట కింద ఎర్రగీత చూసి దాన్ని మార్చేసే బాధ ఉండదు.

ఇంకొకటి, రెండు పద్ధతుల్లోనూ మాట మధ్యలో వచ్చేది సినే. తేడా చివర్లోనే. మధ్యలో ఎస్ పెట్టడం, లేదా మధ్యలో ఎస్, సి రెండూ కలిపి పెట్టడం ఎక్కడా చెల్లదు, ఇవి మాత్రం నిజమైన స్పెల్లింగ్ తప్పులు.

అమెరికా: మాటకు ఒకటి, కార్డుకు ఒకటి

మనవాళ్లకు ఎక్కువ అయోమయం ఇక్కడే. అమెరికాలో నోటి మాటగా డ్రైవర్స్ లైసెన్స్ అంటారు, పత్రికలు కూడా అపాస్ట్రఫీ పెట్టి అలాగే రాస్తాయి. కానీ లైసెన్స్ ఇచ్చేది దేశం కాదు, రాష్ట్రం, ఏ రాష్ట్రం మాట దానిది. టెక్సస్ కార్డు మీద డ్రైవర్ లైసెన్స్ అని ఉంటుంది, డ్రైవింగ్ కాదు, డ్రైవర్స్ కూడా కాదు. న్యూయార్క్, ఫ్లోరిడా కూడా డ్రైవర్ లైసెన్స్ అనే అంటాయి. వర్జీనియా, పెన్సిల్వేనియాల్లో డ్రైవర్స్ లైసెన్స్. కాలిఫోర్నియాలో కార్డు మీద ఒకటి, వెబ్‌సైట్‌లో ఇంకొకటి. మిషిగన్‌కి వెళ్తే ఆపరేటర్ లైసెన్స్ అనే మాట కూడా వినిపిస్తుంది, అది చూసి ఇదేదో క్రేన్ నడిపేవాళ్లదేమో అని కంగారు పడొద్దు, మామూలు కారు లైసెన్సే.

మరి మీరేం రాయాలి? డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండి అపార్ట్‌మెంట్ వాళ్లకో, కారు ఇన్సూరెన్స్ వాళ్లకో మెయిల్ పెడుతుంటే డ్రైవర్స్ లైసెన్స్ అని రాయండి, ఎస్ స్పెల్లింగ్‌తో, అపాస్ట్రఫీతో. ప్రభుత్వ ఫారంలో డాక్యుమెంట్ పేరు రాయమంటే కార్డు చూసి దాని మీద ఉన్నట్టు రాయండి. అపాస్ట్రఫీ ఆర్ తర్వాత, ఎస్‌కి ముందు వస్తుంది. ఎస్ తర్వాత పెడితే చాలామంది డ్రైవర్లది అని అర్థం. అసలు పెట్టకుండా డ్రైవర్స్ అని ఉత్త ఎస్ రాయడం బోర్డుల మీద, ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది, అలవాటు చేసుకోవద్దు. అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలో తేలకపోతే డ్రైవర్ లైసెన్స్ అనేయండి, అన్ని రాష్ట్రాల్లోనూ అర్థమవుతుంది, కొన్నిచోట్ల అధికారిక పేరే అది.

డ్రైవింగ్ లైసెన్స్ అని అమెరికాలో అంటే తప్పా? కాదు. ఎవరికైనా అర్థమవుతుంది, బయటి నుంచి వచ్చారని తెలుస్తుంది, అంతకుమించి జరిగేదేమీ లేదు. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ఇండియా కార్డు గురించి చెప్తున్నప్పుడైతే దాని అసలు పేరే అది. "నా దగ్గర తెలంగాణ రాష్ట్రం ఇచ్చిన ఇండియన్ డ్రైవింగ్ లైసెన్స్ ఉంది" అని ఇంగ్లీష్‌లో రాస్తే అమెరికాలో ఉన్నా అది పూర్తిగా సరైన వాక్యం.

ఆఫీసు పేరు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. లైసెన్స్ ఇచ్చే ఆఫీసుకి డీఎంవీ (డిపార్ట్‌మెంట్ ఆఫ్ మోటార్ వెహికల్స్) అనే మాట దేశమంతా వాడుకలో ఉంది, కానీ అన్ని రాష్ట్రాల్లో ఆ ఆఫీసు పేరు అది కాదు. టెక్సస్‌లో లైసెన్స్ ఇచ్చేది డీపీఎస్ (డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ), అక్కడ డీఎంవీ అనేది వాహనాల రిజిస్ట్రేషన్ చూస్తుంది. కొత్తగా దిగిన పిల్లలు డీఎంవీ అని మ్యాప్‌లో వెతికి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి చేరే అవకాశం ఉంది. న్యూజెర్సీలో ఎంవీసీ, మసాచుసెట్స్‌లో ఆర్ఎంవీ, ఒహాయోలో బీఎంవీ, జార్జియాలో డీడీఎస్, ఇల్లినాయిలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు. మీ రాష్ట్రంలో ఏదో ముందే తెలుసుకుని బయల్దేరండి.

పర్మిట్ అనే మాటతో జాగ్రత్త

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మన దగ్గర పర్మిట్ మనిషికి కాదు, బండికి. మోటారు వాహనాల చట్టంలో 66వ సెక్షన్ ప్రకారం అద్దెకు, కిరాయికి తిప్పే రవాణా వాహనానికి పర్మిట్ కావాలి. లారీ ముందు నేషనల్ పర్మిట్ అని రాసి ఉంటుంది చూడండి, అది ఆ లారీ రాష్ట్రాలు దాటి సరుకు తోలడానికి ఇచ్చిన అనుమతి, డ్రైవర్‌కి ఇచ్చినది కాదు. ఆటోవాళ్లు, ట్రావెల్స్ వాళ్లు పర్మిట్ అయిపోయింది, రెన్యువల్‌కి పెట్టాలి అంటే బండి సంగతే. కాబట్టి ఇండియాలో ఇంగ్లీష్‌లో డ్రైవింగ్ పర్మిట్ అని రాస్తే చదివేవాళ్లకు అది లైసెన్సా, బండి కాగితమా అనే సందేహం వస్తుంది. రాయకండి.

అమెరికాలో పర్మిట్ అంటే వెంటనే గుర్తొచ్చేది నేర్చుకునేవాళ్ల కాగితం. లెర్నర్స్ పర్మిట్ అంటారు, కాలిఫోర్నియాలో ఇన్‌స్ట్రక్షన్ పర్మిట్, టెక్సస్‌లో లెర్నర్ లైసెన్స్. అక్కడ ఎవరైనా "ఐ హావ్ మై పర్మిట్" అంటే పక్కన లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లు కూర్చుంటేనే నడపగలను అని అర్థం. ఇప్పుడు ఊహించుకోండి, గుంటూరులో ఎనిమిదేళ్లు కారు నడిపిన మనిషి ఇన్సూరెన్స్ వాళ్లతో ఫోన్‌లో "ఐ హావ్ యాన్ ఇండియన్ పర్మిట్" అన్నాడు. అవతలివాళ్లు దాన్ని లెర్నర్ కింద రాసుకుంటే వాళ్ల తప్పు కాదు, ఆ మాటకు అక్కడ ఉన్న అర్థమే అది. "ఐ హావ్ ఎ ఫుల్ ఇండియన్ డ్రైవింగ్ లైసెన్స్, ఇష్యూడ్ ఇన్ ఫలానా ఇయర్" అని చెప్తే ఏ గందరగోళమూ లేదు. సంవత్సరం తప్పకుండా చెప్పండి, మీ అనుభవం ఎంతో వాళ్లకు తెలియాల్సింది దాని నుంచే.

ఐర్లాండ్‌లో కూడా నేర్చుకునేవాళ్లది లెర్నర్ పర్మిట్టే. అక్కడ పాసైనవాళ్లది డ్రైవింగ్ లైసెన్స్, మనలాగే సి. కెనడాలో క్యూబెక్‌కి వెళ్తే మాత్రం ఫ్రెంచ్ వాడుకలో పెర్మి అంటే పూర్తి లైసెన్సే, అందుకని అక్కడివాళ్లు ఇంగ్లీష్‌లో మాట్లాడుతూ పర్మిట్ అన్నా లెర్నర్ అనుకోకూడదు.

పర్మిట్ అనే మాట సరిగ్గా వాడాల్సిన చోటు ఒకటుంది, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. చాలామంది దీన్ని ఇంటర్నేషనల్ లైసెన్స్ అంటారు, మన ఏజెంట్లు కూడా అలాగే అంటారు. అది లైసెన్స్ కాదు. 1949 జెనీవా రోడ్ ట్రాఫిక్ ఒప్పందం కింద మన దేశం ఇచ్చే ఒక పుస్తకం, మీ అసలు లైసెన్స్‌లో ఏముందో వేరే దేశంవాళ్లకు అర్థమయ్యేలా చెప్పేది. దీన్ని మన రవాణా శాఖ ఆఫీసే ఇస్తుంది, ఫారం 4ఏ మీద దరఖాస్తు చేసుకోవాలి, గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది, అసలు కార్డు పక్కన లేకుండా ఇది ఒక్కటే చూపిస్తే పనికిరాదు. పేరు సరిగ్గా తెలుసుకోవడం ఇక్కడ ఎందుకు ముఖ్యమంటే, ఇంటర్నేషనల్ డ్రైవర్స్ లైసెన్స్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో డబ్బులు తీసుకుని రంగుల కార్డు పంపేవాళ్లున్నారు. అలాంటి పత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వదు. ఈ మోసం గురించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా జనాన్ని హెచ్చరించింది. అమెరికాలో స్థిరపడి సంక్రాంతికి వచ్చి ఇక్కడ కారు నడపాలనుకునేవాళ్లు, ఇండియా లైసెన్స్ గడువు అయిపోయి ఉంటే, బయల్దేరే ముందు అక్కడ ట్రిపుల్ ఏ (అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్) దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అడిగేటప్పుడు సరిగ్గా ఆ పేరుతోనే అడగండి.

బ్రిటన్, ఆస్ట్రేలియా: ఒకే మాట, రెండు మెట్లు

బ్రిటన్‌లో మన మాటే, డ్రైవింగ్ లైసెన్స్, సి. ఇచ్చేది స్వాన్సీలో ఉన్న డీవీఎల్ఏ, ఉత్తర ఐర్లాండ్‌లో డీవీఏ. మనకు ఆ దేశం నుంచే వచ్చిన మాట కాబట్టి ఇక్కడ ఏమీ మార్చుకోనక్కర్లేదు, కానీ పక్కన చేరే మాటలు మాత్రం నేర్చుకోవాలి.

ప్రొవిజనల్ అంటే బ్రిటన్‌లో లెర్నర్. కారుకి ఎల్ బోర్డు పెట్టుకుని, పక్కన అనుభవం ఉన్నవాళ్లను కూర్చోబెట్టుకుని నడిపే దశ. ఆస్ట్రేలియాలో ప్రొవిజనల్ అంటే లెర్నర్ దశ దాటి టెస్ట్ పాసై ఒంటరిగా నడుపుతున్నవాళ్లు, పీ ప్లేట్ పెట్టుకునేవాళ్లు. లండన్‌లో చదివి సిడ్నీకి ఉద్యోగానికి వెళ్లినవాళ్లు "ఐ హ్యాడ్ ఎ ప్రొవిజనల్" అంటే సిడ్నీలో టెస్ట్ పాసైనట్టు వినిపిస్తుంది. అటునుంచి ఇటొస్తే ఇంకా నష్టం, పాసైనవాళ్లు కూడా నేర్చుకుంటున్నట్టు లెక్క. దేశం పేరు జోడించి చెప్పండి, లేదా ఒంటరిగా నడపడానికి అనుమతి ఉందో లేదో ఒక వాక్యంలో తేల్చి చెప్పండి.

ఎండార్స్‌మెంట్ ఇంకా ప్రమాదం. మన దగ్గర బైక్ లైసెన్స్ ఉన్నవాళ్లు కారు కూడా చేర్చుకుంటే దాన్ని అడిషనల్ ఎండార్స్‌మెంట్ అంటాం, అది మంచి విషయం. బ్రిటన్‌లో ఎండార్స్‌మెంట్ అంటే స్పీడ్‌గా వెళ్లో, ఫోన్ మాట్లాడుతూ నడిపో దొరికిపోయి లైసెన్స్ మీద పడ్డ మచ్చ, దానితో పెనాల్టీ పాయింట్లు వస్తాయి, నేరాన్ని బట్టి నాలుగేళ్లో పదకొండేళ్లో రికార్డులో ఉంటుంది. మూడేళ్లలో 12 పాయింట్లు చేరితే నడపకుండా నిషేధించవచ్చు. కొత్తగా పాసైనవాళ్లకైతే మొదటి రెండేళ్లలో ఆరు పాయింట్లు వచ్చినా లైసెన్స్ రద్దే. ఇప్పుడు అక్కడ డెలివరీ ఉద్యోగానికో కేర్ హోమ్ ఉద్యోగానికో దరఖాస్తులో "ఎనీ ఎండార్స్‌మెంట్స్?" అన్న ప్రశ్నకు, నాకు కారుకీ బైక్‌కీ రెండిటికీ ఉంది కదా అని "యెస్" అని పెడితే, నేను ట్రాఫిక్ నేరాలు చేశాను అని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. అమెరికాలో మళ్లీ ఎండార్స్‌మెంట్ మంచిదే, పెద్ద ట్రక్కులు నడిపేవాళ్ల లైసెన్స్‌కి ప్రమాదకర సరుకు తీసుకెళ్లడం లాంటి అదనపు అనుమతి చేర్చడం. బ్రిటన్‌లో వాహన రకాల గురించి చెప్పాలంటే క్యాటగిరీలు అనండి, అక్కడ అదే మాట.

క్లీన్ లైసెన్స్ అనేది బ్రిటన్ ఉద్యోగ ప్రకటనల్లో కనిపిస్తుంది, అంటే పాయింట్లు ఏమీ లేనిది. అమెరికాలో అదే విషయాన్ని క్లీన్ డ్రైవింగ్ రికార్డ్ అంటారు.

బ్రిటన్‌లో చదువుకో పనికో వెళ్లినవాళ్లకు ఇంకో సంగతి. ఇండియా ఫుల్ లైసెన్స్ మీద అక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు. ఆ తర్వాత మన కార్డు ఎంత చెల్లుబాటులో ఉన్నా అక్కడ ప్రొవిజనల్ తీసుకుని టెస్ట్‌లు పాసవ్వాల్సిందే, నేరుగా మార్చి ఇచ్చే దేశాల జాబితాలో ఇండియా లేదు. అందుకని ఇన్సూరెన్స్ ఫారంలో లైసెన్స్ రకం అడిగినచోట ఫుల్ యూకే అనేదాన్ని అలవాటుగా నొక్కేయకండి, మీది ఫుల్ అయినా యూకే కాదు. వివరాలు తప్పుగా ఇస్తే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది మీరే.

ఆస్ట్రేలియాలో కార్డు పేరు రాష్ట్రాన్ని బట్టి. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్‌లలో డ్రైవర్ లైసెన్స్, అపాస్ట్రఫీ లేదు, సి ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లో డ్రైవర్స్ లైసెన్స్, అపాస్ట్రఫీతో, సితోనే. న్యూజిలాండ్‌లో డ్రైవర్ లైసెన్స్.

కెనడా సంగతి క్లుప్తంగా: మాట అమెరికాది, స్పెల్లింగ్ బ్రిటన్‌ది. డ్రైవర్స్ లైసెన్స్, అపాస్ట్రఫీ ఉంటుంది, చివర సి. ఒంటారియోలో ఉంటే లెర్నర్ నుంచి ఫుల్ దాకా జీ1, జీ2, జీ అనే మెట్లు చెప్పుకుంటారు, "నాకు జీ2 వచ్చింది" అంటే అందరికీ అర్థమవుతుంది, లైసెన్స్ అనే మాటే అక్కర్లేదు. బ్రిటిష్ కొలంబియాలో ఎల్ (లెర్నర్), ఎన్ (నోవిస్, అంటే కొత్తగా పాసైనవాళ్లు).

గల్ఫ్‌కి వెళ్లే మనవాళ్లకు డ్రైవింగ్ లైసెన్స్ అనే మాటే సరిపోతుంది, చివర సి రాసినా ఎస్ రాసినా రెండూ అక్కడ కనిపిస్తాయి. చూసుకోవాల్సింది ఏ దేశం లైసెన్స్ అడిగారన్నది. ప్రకటనలో వ్యాలిడ్ యూఏఈ లైసెన్స్ అనో, జీసీసీ (గల్ఫ్ దేశాల కూటమి) లైసెన్స్ అనో ఉంటే ఇండియా కార్డు దానికి సరిపోదు, ఎంత హెవీ లైసెన్స్ అయినా సరే. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి డ్రైవర్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు డబ్బు కట్టే ముందు ఏజెంట్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగాలి: వాళ్లు అడిగింది ఇండియా లైసెన్సా, అక్కడి లైసెన్సా? అక్కడిదైతే టెస్ట్ ఖర్చు ఎవరిది? ఆ జవాబు కాగితం మీద రాయించుకోవాలి.

వాక్యంలో పెట్టేటప్పుడు

పేరు సరిగ్గా వచ్చినా చుట్టూ ఉన్న వాక్యంలో తెలుగు వాసన వస్తుంటుంది. లైసెన్స్ తీసుకున్నాను అన్నదాన్ని "ఐ టుక్ లైసెన్స్" అని మారుస్తాం, ఇంగ్లీష్‌లో "ఐ గాట్ మై లైసెన్స్" అనాలి. లైసెన్స్ వచ్చింది అన్నా "లైసెన్స్ కేమ్" కాదు, అదే గాట్. రెన్యువల్‌కి పెట్టాను అంటే పుట్ కాదు, "ఐ హావ్ అప్లైడ్ టు రెన్యూ ఇట్". నా దగ్గర ఉంది అనడానికి "ఐ యామ్ హ్యావింగ్" వద్దు, "ఐ హావ్ ఎ డ్రైవింగ్ లైసెన్స్", ఆ ఎ అనేది లేదా మై అనేది తప్పనిసరి, ఉత్త "ఐ హావ్ డ్రైవింగ్ లైసెన్స్" అంటే వాక్యం కుంటుతుంది. డ్రైవింగ్ వచ్చా అన్నదాన్ని "డూ యూ నో డ్రైవింగ్" అనేస్తాం, "కెన్ యూ డ్రైవ్" అంటే చాలు.

డ్రైవింగ్ రావడం వేరు, లైసెన్స్ ఉండడం వేరు అన్నది కూడా రెజ్యూమేలో తేటగా ఉండాలి. "నోస్ కార్ డ్రైవింగ్" అని రాస్తే నడపడం వచ్చు, లైసెన్స్ ఉందో లేదో తెలియదు. "ఫుల్ ఇండియన్ డ్రైవింగ్ లైసెన్స్, కార్ అండ్ మోటార్‌సైకిల్" అని ఒక్క లైనులో రాస్తే రెండూ తేలిపోతాయి.

ఇక కార్డు నంబర్, ఇచ్చిన రాష్ట్రం అడిగేచోట. మన తెలంగాణవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి, 2014కి ముందు హైదరాబాద్‌లో తీసుకున్న లైసెన్స్‌ల మీద ఏపీ అని ఉంటుంది, ఆ తర్వాతి వాటి మీద టీఎస్, 2024 మార్చి నుంచి రాష్ట్రం కోడ్ టీజీ. ఇప్పుడు రాష్ట్రం మారింది కదా అని ఏపీని కొట్టేసి టీజీ అని మీరే రాసుకోకూడదు. నంబర్ అంటే కార్డు మీద ఉన్న అక్షరాలూ అంకెలూ కలిపి, ఒక్క అక్షరం తేడా లేకుండా. బయటి దేశంలో ఎవరైనా ఆ నంబర్‌ని సరిచూసుకోవాలనుకుంటే, మీరు రాసింది కార్డు మీద ఉన్నదానితో కలవాలి.